బెంగళూరులో కడుపుతో ఉన్నప్పుడు బరువు: ఇల్లు, వీధి, ఆఫీసు గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

మారతహళ్ళి దగ్గర ఒక చిన్న క్లినిక్‌లో డైటీషియన్‌గా పనిచేస్తున్నాను. మా దగ్గరకు వచ్చే గర్భిణుల్లో తెలుగువాళ్ళే ఎక్కువ. అనంతపురం, కడప, కర్నూలు, విజయవాడ, పాలమూరు... ఎక్కడెక్కడి నుంచో వచ్చి ఇక్కడ కాపురం పెట్టినవాళ్ళు. కుర్చీలో కూర్చోగానే "ఏం తినాలి మేడమ్?" అంటారు. నేను మాత్రం "ఇల్లు ఎన్నో ఫ్లోరు? లిఫ్ట్ ఉందా? వంట ఎవరు చేస్తారు? పని నుంచి ఎన్నింటికి వస్తారు?" అని మొదలుపెడతాను. తిండి గురించి అడగకుండా ఇల్లు వెతికిపెట్టే బ్రోకర్‌లా ఇదేంటని కొందరు వింతగా చూస్తారు. ఎందుకు అడుగుతానో కింద చదివితే తెలుస్తుంది. మీ డాక్టర్ మీకు ప్రత్యేకంగా ఏదైనా చెప్పి ఉంటే మాత్రం ఆ మాటే వినండి.

అసలు తొమ్మిది నెలల్లో ఎంత పెరగాలి?

అందరికీ ఒకే అంకె లేదు. కడుపు రాకముందు మీరు ఎంత బరువు ఉన్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2009లో సవరించిన లెక్కను ఇక్కడ కూడా చాలామంది డాక్టర్లు వాడతారు. బీఎంఐ అంటే కేజీల్లో ఉన్న బరువును మీటర్లలో ఉన్న ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకె. అది 18.5 కన్నా తక్కువ ఉంటే 12.5 నుంచి 18 కేజీలు, 18.5–24.9 మధ్య ఉంటే 11.5 నుంచి 16, 25–29.9 మధ్య ఉంటే 7 నుంచి 11.5, 30 దాటితే 5 నుంచి 9 కేజీలు. కవలలైతే లెక్క వేరు.

ఉదాహరణకు మీ ఎత్తు 155 సెంటీమీటర్లు అనుకుందాం. 42 కేజీలుంటే బీఎంఐ 17.5, 50 ఉంటే 20.8, 62 ఉంటే 25.8. ముగ్గురూ పక్కపక్క ఫ్లాట్లలో ఉన్నా ముగ్గురి లక్ష్యాలూ వేరు. అందుకే పక్కింటి ఆవిడ ఎంత పెరిగిందో తెలుసుకోవడం వల్ల ఉపయోగం లేదు, టెన్షన్ తప్ప.

ఇంకో మాట. భారతీయుల విషయంలో బీఎంఐ 23 దాటగానే అధిక బరువు కింద లెక్కేస్తారు, మనకు షుగర్ ముప్పు తక్కువ బరువు దగ్గరే మొదలవుతుంది కాబట్టి. మీ బీఎంఐ 23, 25 మధ్య ఉంటే పదహారు కేజీల దాకా వెళ్ళకుండా పదకొండు, పన్నెండు దగ్గర ఆగడం మంచిదని నా అభిప్రాయం.

మొదటి మూడు నెలల్లో అరకేజీ నుంచి రెండు కేజీల దాకా పెరిగితే చాలు. ఆ తర్వాత మామూలు బరువున్నవాళ్ళు వారానికి 400 గ్రాములు, కాస్త అటూ ఇటూ.

అన్ని కేజీలు ఎక్కడికి పోతాయి? బిడ్డ మూడు కేజీలే కదా!

మిగతాదంతా మాయ, ఉమ్మనీరు, పెరిగిన గర్భసంచి, పెరిగిన రక్తం, ఒంట్లో చేరే నీరు, పాలిచ్చే రోజుల కోసం ఒళ్ళు దాచుకునే కొవ్వు. రక్తమే కేజీకి పైగా పెరుగుతుంది. కొవ్వు మూడు కేజీల పైచిలుకు. అది చెడ్డదేమీ కాదు.

బరువు పెరిగేది తిండి వల్ల. ఇల్లు, వీధి దానికేం చేస్తాయి?

నేను ఎక్కువగా మాట్లాడేది దీని గురించే. ఒకే వారంలో ఇద్దరు వచ్చారు. ఇద్దరివీ మొదటి కాన్పులే, ఇద్దరిదీ ఒకటే పిన్‌కోడ్. ఒకావిడ వైట్‌ఫీల్డ్ వైపు ఒక అపార్ట్‌మెంట్‌లో పదమూడో అంతస్తులో ఉంటుంది. ఏడో నెలకే పదిహేను కేజీలు పెరిగింది. ఇంకో అమ్మాయి ఆ కాంపౌండ్ గోడకు అవతల కొత్త బిల్డింగ్ కడుతున్న చోట రేకుల షెడ్డులో ఉంటుంది. ఆరో నెల, పెరిగింది రెండున్నర కేజీలు.

మొదటావిడ ఫోన్ తీసి చూపించింది. ముందు రోజు ఆమె వేసిన అడుగులు 1,900. ఫ్లాట్ నుంచి లిఫ్టులో బేస్‌మెంట్‌కి, అక్కడి నుంచి క్యాబ్, గంటన్నర ట్రాఫిక్, ఆఫీసులో మళ్ళీ లిఫ్ట్. సాయంత్రం ఐదింటికి డెస్క్ దగ్గరకే సమోసాలు, బిస్కెట్లు. ఇంటికి వచ్చేసరికి ఎనిమిదిన్నర. అప్పుడు వండే ఓపిక ఎవరికుంటుంది? ఫోన్ తీస్తే ముప్పై నిమిషాల్లో బిర్యానీ. ఇందులో ఆమెకు నాలుక మీద అదుపు లేకపోవడం ఎక్కడుంది చెప్పండి?

రెండో అమ్మాయి పొద్దున నీళ్ళ కోసం లైన్‌లో నిలబడుతుంది. బిందెలు మోస్తుంది. ఏడో నెల దాకా పని మానే పరిస్థితి లేదు. పొద్దున టీ, మధ్యాహ్నం అన్నంలోకి పచ్చడి, రాత్రి పప్పు ఉంటే పప్పు. అందరికీ పెట్టాక మిగిలింది తినడం ఆమెకు అలవాటు.

మొదటావిడకు "తగ్గించండి" అని, రెండో అమ్మాయికి "బాగా తినమ్మా" అని చీటీ రాసివ్వడం తేలిక. ఇద్దరూ ఆ మాట అప్పటికే నాలుగుచోట్ల విని వచ్చారు.

దేశమంతటి లెక్కలోనూ ఇది కనబడుతుంది. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం అధిక బరువున్న ఆడవాళ్ళు పట్టణాల్లో మూడింట ఒక వంతు ఉంటే, పల్లెల్లో ఐదింట ఒక వంతే. ఇంటర్‌గ్రోత్ అని ఎనిమిది దేశాల్లో చేసిన పెద్ద అధ్యయనం ఇంకొకటుంది. మన నాగపూర్ అందులో ఒక కేంద్రం. మంచి తిండి, మంచి వైద్యం అందుతూ, కాలుష్యం తక్కువున్న చోట్ల ఉండే ఆరోగ్యవంతులైన తల్లులనే అందులోకి తీసుకున్నారు. అలా ఏరి చూస్తే కడుపులో బిడ్డల ఎదుగుదల ఎనిమిది చోట్లా దాదాపు ఒకేలా ఉంది. తల్లులు 40 వారాలకు పెరిగింది సగటున 13.7 కేజీలు. "మనవాళ్ళ ఒంటితీరే అంత" అని ఎవరైనా అంటే నాకు ఈ నాగపూర్ తల్లులే గుర్తొస్తారు.

రోజూ నడవమంటారు. మా వీధిలో ఫుట్‌పాతే లేదు. ఎక్కడ నడవాలి?

ఉన్న ఫుట్‌పాత్ మీద కూడా సగం రాళ్ళు లేచిపోయి ఉంటాయి, మిగతా సగం మీద బైకులు వెళ్తుంటాయి. ఆరో నెల దాటాక పొట్ట అడ్డం వచ్చి కాలి కింద ఏముందో కనబడదు, పడే ప్రమాదం ఎక్కువ. కాబట్టి "రోడ్డు మీద నడవండి" అని నేను ఎవరికీ చెప్పను.

ఇబ్బందులేమీ లేని గర్భిణులు వారానికి 150 నిమిషాలు మధ్యస్థంగా ఒళ్ళు కదపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అంటే వారంలో ఐదు రోజులు, రోజుకు అరగంట. అది ఒకేసారి కానక్కర్లేదు, పది నిమిషాల చొప్పున మూడుసార్లు నడిచినా సరే. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. అదే సరైన వేగం.

చోటు సంగతి. కుందలహళ్ళి చెరువు, సర్జాపుర రోడ్డులో కైకొండ్రహళ్ళి చెరువు, హెచ్‌ఎస్‌ఆర్ వైపు అగర చెరువు, వీటన్నిటి చుట్టూ నడిచే దారి ఉంది. ఆదివారాలు కబ్బన్ పార్క్, లాల్‌బాగ్ ఎలాగూ ఉన్నాయి. కానీ రోజూ కుదిరేది ఇంటి దగ్గర చోటే. అపార్ట్‌మెంట్ కారిడార్‌లో ఈ చివర నుంచి ఆ చివరకు అడుగులు లెక్కపెట్టండి. మా దగ్గరకు వచ్చే ఒకావిడ భోజనం కాగానే ఫోన్‌లో అమ్మతో మాట్లాడుతూ మేడ మీద తిరుగుతుంది. ఫోన్ కాల్ అయ్యేసరికి నడక అయిపోతుంది. వాళ్ళమ్మ మాటలు తొందరగా తెగవు కాబట్టి ఈ పద్ధతి బాగా పనిచేస్తోందట.

2023లో పర్పుల్ లైన్ పూర్తిగా తెరిచాక వైట్‌ఫీల్డ్ వైపు చాలామంది క్యాబ్ మానేసి మెట్రోకి మారారు. స్టేషన్ దాకా నడక, లోపల నడక కలిసి తెలియకుండానే ఇరవై నిమిషాలు అవుతుంది. రద్దీ వేళల్లో నిలబడాల్సి వస్తే మొహమాటపడకండి, సీటు అడగండి.

మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. మెట్లు ఎక్కొచ్చా?

డాక్టర్ వద్దనకపోతే ఎక్కొచ్చు. రెయిలింగ్ పట్టుకుని, మధ్యలో ఆగుతూ, చేతుల్లో బరువు లేకుండా. నా మొదటి కాన్పప్పుడు మేమూ అలాంటి ఇంట్లోనే ఉన్నాం. మెట్లతో నాకు ఇబ్బంది రాలేదు. మెట్లెక్కడం బద్ధకమై సాయంత్రం నడక మానేసి ఇంట్లోనే కూర్చోవడంతో వచ్చింది. ఇరవై లీటర్ల నీళ్ళ క్యాన్ మాత్రం మీరు ఎత్తకండి.

రోజూ వండే టైమ్ లేదు. కర్రీ పాయింట్ నుంచి కూరలు తెచ్చుకుంటే తప్పా?

తప్పేం కాదు. మారతహళ్ళిలో కర్రీ పాయింట్లు, ఆంధ్రా మెస్సులు లేకపోతే మనవాళ్ళలో సగం మంది పస్తులుండేవాళ్ళు. కాకపోతే అక్కడ కూర గిన్నె మీద తేలే నూనె చూడండి. ఒక పెద్ద చెంచా నూనె అంటే సుమారు 120 కేలరీలు. రెండు పూటలా రెండేసి చెంచాలు అదనంగా పడితే, గర్భిణికి కావలసిన అదనపు శక్తి మొత్తం అక్కడే దాటిపోతుంది, ఒక్క ముద్ద ఎక్కువ తినకుండానే.

నేను చెప్పే సర్దుబాటు ఇది. అన్నం, పప్పు ఇంట్లో కుక్కర్‌లో పెట్టండి, ఇరవై నిమిషాల పని. పెరుగు ఇంట్లో ఉంచండి. బయటి నుంచి ఒక్క కూరే తెచ్చుకోండి, అది వేపుడు కాకుండా పులుసో పప్పుకూరో అయితే మంచిది. పైన తేలిన నూనె గరిటెతో తీసేయండి. ఇక్కడి సంతల్లో ఆకుకూరలకు కొదవ లేదు, సొప్పు అని అడిగితే పాలకూర, తోటకూర, మెంతికూర కట్టలు కట్టలుగా ఇస్తారు. ఆదివారం కడిగి తరిగి డబ్బాలో పెట్టుకుంటే రెండు మూడు రోజులు వస్తాయి.

ఆర్డర్ చేసే యాప్ గురించి ఒక మాట. ఆకలి వేశాక దాన్ని తెరిస్తే మీరు గెలవలేరు. సాయంత్రం ఆరింటికి ఆఫీసులోనే గుప్పెడు వేయించిన శనగలు, ఒక పండు తినేసి బయలుదేరండి. ఇంటికి చేరేసరికి ఆ ఆవురావురు ఉండదు.

నీళ్ళకూ బరువుకూ సంబంధం ఉందా?

2024 వేసవిలో బోర్లు ఎండిపోయి ఊరంతా ట్యాంకర్ల కోసం ఎదురుచూసిన రోజులు గుర్తున్నాయా? ఆ రెండు మూడు నెలలు నా దగ్గరకు వచ్చినవాళ్ళ డైరీల్లో ఆకుకూర మాయమైంది. కడగడానికి నీళ్ళు కావాలి కదా. అంట్లు తోమాల్సి వస్తుందని వంటే తగ్గించేశారు. దాని బదులు బ్రెడ్డు, నూడుల్స్, పార్సిల్ తిండి. బాత్రూమ్‌లో నీళ్ళుండవని కొందరు తాగడమే తగ్గించారు. కడుపుతో ఉన్నప్పుడు అది మరీ ప్రమాదం, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వస్తుంది. వేసవిలో ఇల్లు మారే ఆలోచన ఉంటే అద్దె అడిగే ముందు నీళ్ళ సంగతి అడగండి.

వేవిళ్ళ వల్ల మూడో నెలకు రెండు కేజీలు తగ్గాను. మా ఇంటి కింద హోటల్ ఉంది.

వేవిళ్ళలో కొంచెం తగ్గడం చాలామందిలో జరుగుతుంది, నాలుగో నెల నుంచి పుంజుకుంటారు. అయితే పొద్దున ఐదింటి నుంచి పోపు వాసన కిటికీలోంచి వస్తుంటే ఆ కడుపు ఎలా కుదుటపడుతుంది? హోటల్ వైపు కిటికీ పొద్దున మూసి ఉంచి, అవతలి వైపుది తెరవండి. మంచం వెనక గదిలోకి మార్చండి. పొడిగా మరమరాలో, రస్కో తలగడ పక్కనే పెట్టుకుని లేవకముందే రెండు నమలండి. నీళ్ళు కూడా నిలవకపోతే, మూత్రం బాగా తగ్గి చిక్కగా వస్తుంటే, మీ బరువులో ఇరవయ్యో వంతు కన్నా ఎక్కువ పోతే ఇంటి చిట్కాలు ఆపి ఆస్పత్రికి వెళ్ళండి.

నైట్ షిఫ్ట్ చేస్తున్నాను. మారమంటారా?

కుదిరితే మారండి, డాక్టర్ చీటీ తీసుకెళ్ళి అడగండి. రాత్రి రెండింటికి క్యాంటీన్‌లో దొరికేది పఫ్పు, చిప్స్, తియ్యటి కాఫీ. పగలు నిద్రపోదామంటే కింద కూరగాయల బండి అరుపులు, పైన డ్రిల్లింగ్ మెషిన్. నిద్ర చాలకపోతే ఆకలి పెరుగుతుంది, అదీ తీపి మీదకే పోతుంది. మార్చడం కుదరకపోతే భోజనం షిఫ్ట్‌కి ముందే ఇంట్లో తినండి. నడిరాత్రికి పెరుగన్నమో, ఉడికించిన గుడ్లో డబ్బాలో తీసుకెళ్ళండి. పడుకునే గదికి ముదురు రంగు కర్టెన్లు వేయండి.

దుమ్ము, పొగ వల్ల బరువు పెరుగుతామా?

కాలుష్యం దెబ్బ తల్లి బరువు కన్నా బిడ్డ బరువు మీద స్పష్టంగా కనబడుతుంది. గాలిలో సన్నటి ధూళి ఎక్కువున్న చోట తక్కువ బరువుతో, నెలలు నిండకుండా పుట్టే ముప్పు పెరుగుతుంది. పీఎం 2.5 అనే ఈ సన్నటి ధూళి ఏడాది సగటు ఘనపు మీటరు గాలికి 5 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. మన దేశంలో అనుమతించిన పరిమితి 40. తేడా చూశారుగా. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన ఏళ్ళ తరబడి మెట్రో పనుల దుమ్ము పీల్చినవాళ్ళకు నేను కొత్తగా చెప్పేదేముంది! నడక మెయిన్ రోడ్డు మీద కాకుండా లోపలి వీధుల్లో పెట్టుకోండి. కట్టెల పొయ్యి పొగ ఇంకా దగ్గరి శత్రువు. షెడ్డులో వండుతున్నవాళ్ళు చిన్న సిలిండర్ అయినా సంపాదించుకోండి.

బిల్డింగ్ పనికి వెళ్తున్నాను. ఆరో నెల, బరువు పెరగడం లేదు. డబ్బు పెట్టి టానిక్ కొనాలా?

టానిక్ డబ్బుతో గుడ్లు, వేరుశనగలు కొనుక్కోమ్మా. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం నాలుగో నెల నుంచి రోజుకు అదనంగా కావలసింది 350 కేలరీలు. రెండు ఇడ్లీలు, ఒక గ్లాసు పాలు, ఒక గుప్పెడు వేరుశనగలు అంటే దాదాపు అంతే. రాగి సంగటి మన సీమవాళ్ళకు తెలిసిందే, ఇక్కడ ముద్దె అంటారు, చవగ్గా దొరుకుతుంది. దాంట్లోకి పప్పు, ఆకుకూర ఉంటే ఖరీదైన పొడి డబ్బా అవసరం లేదు.

అసలు అడ్డంకి వేరే ఉంది. పొద్దున ఏడింటికి ఖాళీ కడుపుతో పనిలోకి దిగి పదకొండింటి దాకా ఏమీ తినకపోవడం. ఎండలో ఇటుకలు మోయడం. చివర్లో తినడం. మీ ఆయన్ని కూడా పిలిపించి చెబుతాను నేను: నీళ్ళు ఆయన పట్టాలి, మొదటి కంచం మీది కావాలి. కొందరు నవ్వుతారు, కొందరు చేస్తారు. మేస్త్రీని అడిగి బరువులు మోసే పని నుంచి నీడలో చేసే పనికి మారండి. మండే ఎండలో పని నెలలు నిండకుండా కాన్పు రావడానికి, బిడ్డ బరువు తగ్గడానికి దారి తీస్తుంది.

దగ్గర్లోని నమ్మ క్లినిక్ అనే ప్రభుత్వ క్లినిక్‌లోనో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనో పేరు రాయించుకుంటే తాయి కార్డు, అంటే తల్లి వివరాలు రాసే కార్డు ఇస్తారు. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆస్పత్రుల్లో గర్భిణులకు ఉచిత పరీక్షలు చేస్తారు. అంగన్‌వాడీలో పోషకాహారం అడగండి. మనది వేరే ఊరు కదా అని వెనక్కి తగ్గకండి. మొదటి కాన్పుకు కేంద్ర పథకం కింద 5,000 రూపాయలు వస్తాయి. గార్మెంట్స్‌లో, కంపెనీల్లో పనిచేసేవాళ్ళకు మొదటి రెండు కాన్పులకు జీతంతో 26 వారాల సెలవు చట్టంలో ఉంది. అందులో 8 వారాలు కాన్పుకు ముందే వాడుకోవచ్చు.

రక్తం పరీక్ష తప్పకుండా చేయించుకోండి. దేశంలో గర్భిణుల్లో సగం మందికి పైగా రక్తహీనత ఉంది. ఐరన్ మాత్ర టీతో వేసుకుంటే ఒంటికి పట్టదు.

ఇక్కడ ఆరు నెలలు బాగానే ఉన్నాను. పుట్టింటికి వెళ్ళిన నెలలోనే నాలుగు కేజీలు పెరిగాను. ఎందుకు?

ఏడో నెలలో శ్రీమంతం చేసి తీసుకెళ్తారు. అక్కడ లేస్తే సున్నుండ, కూర్చుంటే అరిసె. "ఇద్దరి తిండి తినాలమ్మా" అని అమ్మమ్మ. నెయ్యి వేయకపోతే అలక. పైగా విజయవాడ ఎండకు గుమ్మం దాటలేరు, ఇంట్లో పని ముట్టుకోనివ్వరు. బెంగళూరులో కనీసం చల్లటి పొద్దు ఉండేది, ఆఫీసు ఉండేది. చోటు మారింది, బరువు మారింది.

అమ్మతో గొడవ పెట్టుకోకండి. అలసిపోయిన కూతురికి పెట్టే తిండి అది. సున్నుండ రోజుకొకటి, పొద్దున పూట తినండి. తెల్లవారి ఆరింటికి, మళ్ళీ పొద్దుపోయాక వీధిలోనో డాబా మీదో నడవండి. దీనికి సరిగ్గా ఎదురు మాట చెప్పే ఇళ్ళూ ఉన్నాయి. "ఎక్కువ తింటే బిడ్డ లావై ఆపరేషన్ అవుతుంది" అని రాత్రి భోజనం మాన్పిస్తారు. అది ఇంకా చెడ్డ సలహా.

వెళ్ళేటప్పుడు ఇక్కడి ఫైలు, బరువు నమోదు చేసిన పేజీ తీసుకెళ్ళడం మరవకండి. అక్కడి డాక్టర్‌కు మీ బరువు ఏ వారంలో ఎంతుందో తెలియకపోతే ఈ నాలుగు కేజీల సంగతి తెలిసే దారే లేదు.

ఒక్కోచోట ఒక్కో బరువు చూపిస్తోంది. దేన్ని నమ్మాలి?

ఒకే యంత్రాన్ని. మా క్లినిక్‌లో టైల్స్ మార్చిన వారం, యంత్రం ఒక కాలు సందులో పడి అందరికీ కేజీన్నర తగ్గించి చూపించింది. ముగ్గురు ఏడుపు మొహాలతో బయటకు వెళ్ళాక గానీ నేను గమనించలేదు. వాళ్ళను ఫోన్ చేసి పిలిచి మళ్ళీ తూచాను. ఇంట్లో అయితే గట్టి నేల మీద పెట్టి, పొద్దున పరగడుపున, చెప్పులు లేకుండా, వారానికి ఒక్కసారి చూసుకోండి. రోజూ చూస్తే పిచ్చెక్కుతుంది.

బరువు సరిగ్గానే ఉంటే షుగర్ పరీక్ష అక్కర్లేదా?

కావాలి. సన్నగా ఉన్నవాళ్ళకూ వస్తుంది. 75 గ్రాముల గ్లూకోజ్ నీళ్ళు తాగించి రెండు గంటల తర్వాత చూస్తారు, 140 అంతకు మించి ఉంటే గర్భధారణలో వచ్చే షుగర్ కింద లెక్క. మొదటిసారి మామూలుగా వచ్చినా 24–28 వారాల మధ్య మళ్ళీ చేయించుకోవాలి.

ఎప్పుడు అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా వెళ్ళాలి?

రెండు మూడు రోజుల్లోనే కేజీకి పైగా పెరిగి, మొహం, చేతులు ఉబ్బి, ఉంగరం బిగుసుకుపోతే అది తిండి బరువు కాదు, నీరు. దాంతోపాటు తగ్గని తలనొప్పి, కళ్ళు మసకబారడం, పైకడుపులో నొప్పి ఉంటే, బీపీ 140/90 దాటితే రాత్రయినా బయలుదేరండి. బిడ్డ కదలికలు తగ్గినా అంతే. ఔటర్ రింగ్ రోడ్డు మీద సాయంత్రం ఆరింటికి అంబులెన్స్‌కు కూడా దారి దొరకదు కాబట్టి, ఎనిమిదో నెల రాకముందే ఇంటికి అతి దగ్గర్లో ఇరవై నాలుగు గంటలూ కాన్పులు చేసే ఆస్పత్రి ఏదో చూసిపెట్టుకుని, దాని నంబరు ఫ్రిజ్ మీద అంటించండి.